నాలుగు స్టవ్‌ల యూరప్

తక్కువ ఖర్చులో భార్యాభర్తలిద్దరూ యూరప్ వెళ్ళి రావడం ఎలా? తెలుగులో ఈ ప్రశ్నకి రెండు చోట్ల జవాబు వెతుక్కోవచ్చు. ఒకటి యాత్రాకథనాల్లో. రెండోది 'లక్షన్నరలో నాలుగు దేశాలు' తరహా సలహాల్లో. మొదటివాటిలో డబ్బు ఊసే ఉండదు. రెండోవాటిలో డబ్బు ఊసు తప్ప ఇంకోటి ఉండదు. చూడ్డానికి ఉత్తర దక్షిణ ధ్రువాల్లా ఉన్నా, ఈ రెండూ చేసేది ఒకటే పని అని నా అభియోగం. రెండూ ఖర్చుని దాస్తాయి. మొదటిది మొహమాటంతో దాస్తుంది, రెండోది అమ్ముకోడానికి దాస్తుంది. దాచిన ఖర్చు ఎక్కడికీ పోదు. ఎవరో ఒకరి నెత్తిన పడుతుంది. ఆ ఒకరు ఎవరో మా ఇంట్లో నాకు ఆలస్యంగా తెలిసింది.

ముందు సాహిత్యం సంగతి చూద్దాం. మన యూరప్ ట్రావెలాగ్ ఒకటి తీయండి. మొదటి పేరాలో విమానం దిగుతారు. రెండో పేరాలో సెన్ నది ఒడ్డున నడుస్తుంటారు. మూడో పేరాకల్లా వాన్‌గో బొమ్మ ముందు నిలబడి జీవితం గురించి ఆలోచిస్తుంటారు. టికెట్ ఎవరు కొన్నారు? ఎక్కడ దిగారు? రాత్రి ఏం తిన్నారు, దానికెంత అయింది? తెలీదు. చాలాసార్లు జవాబు చాలా మామూలుది. అబ్బాయో అమ్మాయో అక్కడ ఉద్యోగం చేస్తుంటారు, వాళ్ళింట్లో ఓ గది ఉంటుంది. లేదా ఏదో సభకి పిలుపు వస్తుంది. అందులో తప్పేమీ లేదు. కానీ 'మా అమ్మాయి వాళ్ళింట్లో దిగాం' అన్న ఒక్క వాక్యం రాస్తే, అక్కడ ఎవరూ లేని పాఠకుడికి తన లెక్క వేరని తెలుస్తుంది కదా. ఆ వాక్యం ఉండదు. డబ్బు మాట రాస్తే రచన స్థాయి పడిపోతుందని ఓ భయం.

ఈ భయం మన పెద్దవాళ్ళకి లేదు. తెలుగు యాత్రాసాహిత్యానికి మొదలుగా చెప్పుకునే ఏనుగుల వీరాస్వామయ్య 'కాశీయాత్ర చరిత్ర' తీసి చూడండి. 1830-31లో మద్రాసు నుంచి కాశీకి వెళ్ళొచ్చిన ఆయన, ఏ మజిలీకి ఎంత దూరం, అక్కడ నీళ్ళు ఎలా ఉంటాయి, అంగళ్ళున్నాయా, దిగడానికి చోటుందా అని ఓపిగ్గా రాసుకుంటూ వెళ్ళారు. తన వెనక వచ్చేవాళ్ళకి పనికిరావాలన్న స్పృహ ప్రతి పేజీలోనూ ఉంటుంది. ఆయన పల్లకీలో వెళ్ళారు. ఆ పల్లకీ మోసిన బోయీలు కూడా ఆ పుస్తకంలో కనిపిస్తారు. అందువల్ల దాని సాహిత్య విలువ తగ్గిందని ఇంతవరకూ ఎవరూ అనలేదు. దాదాపు రెండొందల ఏళ్ళ తర్వాత మన ట్రావెలాగుల్లోంచి అంగళ్ళూ పోయాయి, నీళ్ళూ పోయాయి, బోయీలూ పోయారు. మిగిలింది సూర్యాస్తమయం.

భారతీయ పాస్‌పోర్టు ఉన్నవాడికి యూరప్ ఈఫిల్ టవర్ దగ్గర మొదలవదు. వీసా కేంద్రంలో, వేలిముద్రల యంత్రం దగ్గర మొదలవుతుంది. షెంగెన్ వీసా ఫీజు పెద్దవాళ్ళకి తలా 90 యూరోలు. 2024 జూన్ దాకా అది 80. లెక్క సులువు కోసం యూరోని వంద రూపాయలనుకుంటే ఇద్దరికీ 18,000. వీసా ఇవ్వకపోతే ఈ డబ్బు తిరిగి రాదు. కేంద్రం వాళ్ళ సర్వీసు ఛార్జీ దీనికి అదనం. కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులకి సరిపడే ఇన్సూరెన్స్ ఉండాలి. బ్యాంకు స్టేట్‌మెంట్లు, సెలవు మంజూరైన ఉత్తరం, ప్రతి రాత్రీ ఎక్కడ పడుకుంటామో చూపే కాగితాలు కావాలి. ఏ దేశంలో ఎక్కువ రోజులుంటే ఆ దేశానికి అర్జీ పెట్టుకోవాలి. రోజులు సమానమైతే ముందు అడుగుపెట్టే దేశానికి. ఇంత తతంగం ఉంది. మనుషుల్ని పాస్‌పోర్టు రంగుని బట్టి కొలవడం గురించి కథలు రాయదగ్గ అనుభవం ఇది. మన యాత్రాసాహిత్యంలో దీనికో అధ్యాయం ఎందుకు లేదు?

ఇక రెండో రకం, సలహాలవాళ్ళు. వీళ్ళు లెక్కలు చెబుతారు. ఎలాంటి లెక్కలు? ఇరవై యూరోలకి విమానం టికెట్ అంటారు. బ్యాగు పెట్టుకుంటే దానికి వేరే డబ్బులని చెప్పరు. 'పారిస్ బోవే' అనే విమానాశ్రయం పారిస్‌కి 80 కిలోమీటర్ల పైన ఉంటుందనీ, 'ఫ్రాంక్‌ఫర్ట్ హాన్' పేరులోనే ఫ్రాంక్‌ఫర్ట్ గానీ ఊరికి 120 కిలోమీటర్ల దూరమనీ చెప్పరు. అంటే సూర్యాపేటలో దింపి హైదరాబాద్ వచ్చేసిందని చెప్పడం. ఇవి చిన్న మోసాలు, ఎవరైనా పట్టుకోగలరు. పెద్ద మోసం వేరే ఉంది. అందులో నేనూ భాగస్వామినే కాబట్టి మా కథే చెబుతాను.

మా మొదటి యూరప్ ప్రయాణం పది రోజులు. పారిస్, జ్యూరిక్, వెనిస్, రోమ్. ప్లాన్ అంతా నాది. ఎక్సెల్ షీట్‌లో ప్రతి రైలూ, ప్రతి టికెట్టూ, పక్కన రంగులు. సలహాల్లో ఉన్నట్టే అన్నిచోట్లా వంటగది ఉన్న గదులు తీసుకున్నాను. చిన్న ఎలక్ట్రిక్ కుక్కర్, రెండు కిలోల సోనామసూరి, పులిహోర పేస్టు, ఉప్మా రవ్వ, కారప్పొడి, ఆవకాయ, అన్నీ సర్దుకున్నాం. భోజనం అన్న కాలమ్‌లో చాలా రోజుల ఎదురుగా దాదాపు సున్నా ఉండేది. ఆ సున్నా చూసుకుని నేను ఎంత మురిసిపోయానో చెప్పలేను. ఆఫీసులో ఇద్దరు ముగ్గురికి ఆ షీట్ పంపించాను కూడా.

రోమ్‌లో ఆఖరి రాత్రి మా ఆవిడ గిన్నెలు కడుగుతూ, వెనక్కి తిరక్కుండానే అంది: "నువ్వు నాలుగు ఊళ్ళు చూశావు. నేను నాలుగు స్టవ్‌లు చూశాను."

నేను ఏదో సర్దిచెప్పబోయాను. ఉల్లిపాయలు తరిగానన్నాను. రెండుసార్లు గిన్నెలు కడిగానన్నాను. తను పోట్లాడలేదు. "నీ షీట్‌లో ఆ సున్నా ఉంది చూడు, అది నేను" అంది. ఆ రాత్రి ఇంకేం మాట్లాడుకోలేదు. తనకీ నాలాగే ఉద్యోగం ఉంది, నాలాగే పది రోజులు సెలవు పెట్టింది. తిరుగు ప్రయాణంలో తను నిద్రపోతుంటే నేను మళ్ళీ ఆ షీట్ తెరిచి, ఈసారి అబద్ధం చెప్పకుండా లెక్కేశాను.

ఆ లెక్క ఇది. అంకెలు అందరికీ వర్తించేలా గుండుగుత్తగా చెబుతున్నాను, మీరు మీవి వేసుకోండి. విమానం టికెట్లు, వీసాలు, ఇన్సూరెన్స్ కలిపి ఇద్దరికీ లక్షన్నర అనుకుందాం. పది రోజులకి పంచితే రోజుకి 15,000. అక్కడ గది 80 యూరోలు, తిండికి 40, తిరగడానికీ టికెట్లకీ 20 వేసుకుంటే రోజుకి 14,000. మొత్తం 29,000. మెలకువగా ఉండేది 14 గంటలనుకుంటే, యూరప్‌లో ఇద్దరం కలిసి గడిపే ఒక్కో గంట ఖరీదు రెండు వేల రూపాయల పైనే. ఈ ఒక్క అంకె తెలిస్తే చాలు, చవక సలహాలన్నీ తలకిందులవుతాయి.

ఊరు మారడం అంటే ఏమిటి? పొద్దున్నే పెట్టెలు సర్దడం, గది ఖాళీ చేయడం, స్టేషన్‌కి వెళ్ళడం, రైలు, దిగి మళ్ళీ గది వెతుక్కోవడం, మూడింటిదాకా తాళం ఇవ్వమంటే పెట్టెలతో పార్కులో కూర్చోవడం. తక్కువలో తక్కువ ఆరు గంటలు. మూడుసార్లు మారితే 18 గంటలు, అంటే 36,000 రూపాయలు. రైలు టికెట్లు దీనికి అదనం. మా వృత్తిలో దీన్ని కాంటెక్స్ట్ స్విచింగ్ అంటాం. ప్రాసెసర్ ఒక పని వదిలి ఇంకో పని అందుకోడానికే సమయమంతా పోతే అసలు పని సాగదు. ఆఫీసులో దీనిమీద అందరికీ ఉపన్యాసాలిచ్చే నేను, సెలవుల్లో సరిగ్గా అదే చేశాను.

వంట లెక్క ఇంకా సిగ్గుపడేలా వచ్చింది. ఇంట్లో వండుకోవడం వల్ల రోజుకి 30 యూరోలు మిగిలిందనుకున్నా పది రోజులకి 30,000. వండటం, కడగడం, సరుకులు తేవడం కలిపి తనకి రోజుకి రెండున్నర గంటలు. పది రోజులకి 25 గంటలు. ఇద్దరి గంట రెండు వేలైతే ఒకరిది వెయ్యి. అంటే 25,000. నేను గొప్పగా చెప్పుకున్న పొదుపులో నిజంగా మిగిలింది 5,000. ఆ 25,000 కట్టింది ఒక్క మనిషే. అది తన సెలవులోంచి కట్టింది. నేను మాత్రం ఆ రెండున్నర గంటలూ మర్నాటి రైలు ప్లాట్‌ఫారం చూసుకుంటూ 'ప్లానింగ్' చేస్తున్నాను.

అందుకే 'వంటగది ఉన్న గది తీసుకోండి, సగం ఖర్చు తగ్గుతుంది' అన్న సలహా చూస్తే ఇప్పుడు నాకు ఒళ్ళు మండుతుంది. ఆ వంట ఎవరు చేస్తారో ఒక్కరూ రాయరు. రాయక్కర్లేదు, మన ఇళ్ళల్లో అందరికీ తెలుసు. మగవాళ్ళు వంట చేసే ఇళ్ళు లేవా అంటే ఉన్నాయి. అలాంటి ఇంట్లో ఈ సలహా పనికొస్తుంది కూడా. కానీ సలహా ఇచ్చేవాళ్ళు ఆ షరతు పెట్టడంలేదు. పైగా 'జంటల కోసం' అని శీర్షిక.

జంటలన్న మాట మీద జరిగే వ్యాపారం ఇంకోటుంది. ఇంట్లో ఉప్మా తిని రూపాయి మిగల్చమన్న సలహాదారే, వెనిస్‌లో గొండోలా ఎక్కకపోతే జన్మ వృథా అంటాడు. పగటిపూట అరగంటకి గొండోలా ధర 90 యూరోలు. అదే వెనిస్‌లో పెద్దకాలవ ఈ ఒడ్డునుంచి ఆ ఒడ్డుకి దాటించే ట్రాగెట్టో అనే పడవలున్నాయి. అవీ ఆ బాపతు పడవలే, రెండు యూరోలకి రెండు నిమిషాలు. ఊరివాళ్ళ పక్కన నిలబడి దాటొచ్చు. మేం 90 యూరోలు పెట్టాం. మూడు రాత్రుల ఉప్మా మిగిల్చిన డబ్బు అరగంటలో పోయింది, ఆ అరగంటా ఫోటోలు సరిగ్గా వస్తున్నాయా లేదా అని చూసుకున్నాం. పారిస్‌లో పోన్ దేజార్ అనే వంతెనకి ప్రేమికులు తాళాలు వేసి తాళంచెవులు నదిలో పారేసేవాళ్ళు. 2014లో ఆ బరువుకి రెయిలింగులో కొంతభాగం కూలింది. 2015లో నగరపాలక సంస్థ 45 టన్నుల తాళాలు పీకి పారేసింది. ప్రేమని చూపించుకోమని అందరికీ ఒకే వస్తువు అమ్మితే జరిగేది ఇదే.

'జీవితంలో ఒక్కసారి వెళ్తాం, నాలుగూ చూసి రావద్దా?' అని మీరడగొచ్చు. ఇది తీసిపారేసే ప్రశ్న కాదు. మా బాబాయి రిటైరయ్యాక పిన్నితో కలిసి ప్యాకేజీ టూర్లో వెళ్ళొచ్చాడు. భాష రాదు, మోకాళ్ళ నొప్పులు, రాత్రికి పప్పన్నం కావాలి. ఆయనకి బస్సూ గైడూ సరైనవే, ఆయన ఆనందాన్ని వెక్కిరించే హక్కు నాకు లేదు. పైగా ఆ టూర్లో పిన్ని వంట చేయలేదు. ఆ లెక్కన మా బాబాయి నాకన్నా మంచి భర్త. నా గొడవ మాలాంటివాళ్ళతో. రైలెక్కడం వచ్చు, ఫోన్లో మ్యాప్ చూడటం వచ్చు, అయినా ఒక్కసారే కదా అని నాలుగు ఊళ్ళని పది రోజుల్లో కుక్కేవాళ్ళతో. ఒక్కసారే వెళ్తాం కాబట్టే, ఆ ఒక్కసారిలో ఒక రోజుకి పైగా పెట్టెలు లాగుతూ గడపకూడదు.

ఇంకో కారణం ఉంది. ఇదే నాకు అసలైనదనిపిస్తుంది. ఏ ఊళ్ళోనైనా చవక అన్నది పర్యాటకుడి కోసం పెట్టింది కాదు, ఊరివాళ్ళు తమకోసం చేసుకున్నది. రోమ్‌లో వీధుల్లో 1874 నుంచీ ఉన్న తాగునీటి కుళాయిలు రెండున్నర వేల దాకా ఉన్నాయి. అక్కడ కాఫీ కౌంటర్ దగ్గర నిలబడి తాగితే ఒక ధర, కూర్చుంటే ఇంకో ధర. మాడ్రిడ్‌లో ప్రాడో మ్యూజియం రోజూ ఆఖరి రెండు గంటలు ఉచితం. ఇవి తెలుసుకుని, అలవాటు చేసుకుని, మన రోజుని వాటి చుట్టూ మలుచుకోడానికి రెండు మూడు రోజులు పడుతుంది. సరిగ్గా అప్పటికి మనం రైలెక్కేస్తాం. అంటే ప్రతి ఊళ్ళోనూ కొత్తవాడి ధరే కడతాం. వెనిస్ అయితే సీజన్లో కొన్ని రోజులు, రాత్రి ఉండకుండా చూసి పోయేవాళ్ళ దగ్గర ప్రవేశ రుసుము కూడా వసూలు చేస్తోంది. ఊళ్ళో బస చేసేవాళ్ళకి అది లేదు. హడావిడికి ఊరే జరిమానా వేస్తోందన్నమాట.

రెండోసారి మేం ఒకే ఊరు వెళ్ళాం. వియన్నా, తొమ్మిది రాత్రులు, మే నెలలో. ప్లాన్ ఇద్దరం చేశాం. మా ఆవిడ పెట్టిన షరతు ఒకటే: స్టవ్ లేని గది. పొద్దున బ్రెడ్డూ పళ్ళూ. మధ్యాహ్నం ఊళ్ళో ఉద్యోగస్తులు తినే మధ్యాహ్న భోజనం, రాత్రి కన్నా అప్పుడు హోటళ్ళు చవక. రాత్రికి ఫలాఫెలో, సూపర్‌మార్కెట్ పెరుగో. ఆవకాయ మాత్రం తీసుకెళ్ళాం, బ్రెడ్డు మీద అది వెన్న కన్నా బాగుంటుంది. ఆదివారం ఊళ్ళో కొట్లన్నీ మూసేస్తారని నాకు తెలీదు. ఆ రోజు పెద్ద రైల్వే స్టేషన్‌లో ఉన్న కొట్టు మమ్మల్ని కాపాడింది.

వారం పాసు తీసుకుని 71వ నంబరు ట్రామ్‌లో ఊరవతల ఉన్న పెద్ద శ్మశానానికి వెళ్ళాం. బీథోవెన్, షూబర్ట్, బ్రామ్స్ దగ్గరదగ్గరగా ఉన్నారు, టికెట్ లేదు. షోన్‌బ్రున్ రాజభవనం లోపలికి టికెట్ గానీ తోటలోకి లేదు. వియన్నా మ్యూజియం శాశ్వత ప్రదర్శన 2023 డిసెంబరు నుంచి ఉచితం. ఒపేరాకి లోపల నిలబడి చూసే టికెట్లుంటాయి. మే నెలలాంటప్పుడు బయట కూడలిలో తెర కట్టి ఉచితంగా చూపిస్తారు. మేం బయటే కూర్చుని చూశాం, ఒక్క ముక్క అర్థం కాలేదు, బాగుంది. కుళాయిల్లో వచ్చేవి ఆల్ప్స్ కొండల ఊటనీళ్ళు, 1873 నుంచీ గొట్టాల్లో వస్తున్నాయి. వీరాస్వామయ్య గారైతే తప్పకుండా రాసుకునేవారు.

ఓ రోజు కార్ల్ మార్క్స్ హోఫ్ చూడ్డానికి వెళ్ళాం. 1927-30 మధ్య నగరపాలక సంస్థ కార్మికుల కోసం కట్టిన ఇళ్ళ సముదాయం, కిలోమీటరు పైన పొడవు, 1,382 ఇళ్ళు. అందులో ఉమ్మడి లాండ్రీలు, స్నానశాలలు, పిల్లల బడులు కూడా కట్టారు. ఇంటి చాకిరీ కూడా నగరం పట్టించుకోవాల్సిన విషయమే అని వాళ్ళకి అప్పుడే తోచింది. అది చూశాక మర్నాడు మా ఆవిడే ఇంకో మ్యూజియం పేరు చెప్పింది. అక్కడ 'ఫ్రాంక్‌ఫర్ట్ కిచెన్' నమూనా ఉంది. వియన్నాకి చెందిన మార్గరెటె షూటె లిహోట్స్కీ అనే ఆర్కిటెక్ట్ 1926లో వేసిన డిజైన్ అది. ఆడవాళ్ళు వంటింట్లో వేసే అడుగులు తగ్గాలని, రైల్లో వంటగదిలా ఇరుకుగా, అన్నీ చేతికి అందేలా చేసింది. ఇవాళ మన అపార్ట్‌మెంట్లలోని మాడ్యులర్ కిచెన్లకి అదే పూర్వీకురాలు.

ఇంజనీరుగా నేను ఆ సొరుగులు చూసి ముచ్చటపడుతున్నాను. మా ఆవిడ కాసేపు చూసి, "ఇందులో ఇద్దరు పట్టరు" అంది. నిజమే. అడుగులు తగ్గాయి గానీ, వేసే మనిషి ఒక్కతే. ఆ డిజైన్ మీద తర్వాతి తరం స్త్రీలు పెట్టిన విమర్శ కూడా ఇదేనని నేను తర్వాత చదివాను. తనకి చదవాల్సిన అవసరం రాలేదు. బయటికొచ్చేటప్పుడు, "యూరప్‌లో ఐదో స్టవ్. వండక్కర్లేనిది ఇదే మొదటిది" అని నవ్వింది.

ఆ ప్రయాణం మొదటిదానికన్నా చవకగా అయిందని చెబితే నేనూ సలహాదారుల్లో చేరిపోతాను. అవలేదు. తిండికి ఖర్చు పెరిగింది, రైళ్ళకీ గొండోలాకీ తగ్గింది, మొత్తం దాదాపు అంతే. తేడా ఏమిటంటే ఈసారి షీట్‌లో సున్నాలు లేవు. పెట్టిన ఖర్చంతా డబ్బు రూపంలోనే కనిపించింది, ఇద్దరి జీతాల్లోంచీ పోయింది.

అందుకని యాత్రల గురించి రాసేవాళ్ళకి, సాహిత్యంగా రాసినా సలహాగా రాసినా, నా డిమాండు చిన్నది. ఎంత అయిందో రాయండి. ఎవరింట్లో దిగారో రాయండి. పెట్టెలు ఎవరు మోశారో, అన్నం ఎవరు వండారో రాయండి. నాలుగు వాక్యాలు చాలు. మిగతా పేజీలన్నీ సూర్యాస్తమయానికి ఇచ్చుకోండి, నాకేం అభ్యంతరం లేదు. నేను ఆఫీసులో పంపిన ఆ పాత షీట్ ఇంకా చేతులు మారుతోందని విన్నాను. మొన్న ఒక కుర్రాడు పెళ్ళయిన కొత్తలో దాన్ని పట్టుకుని యూరప్ వెళ్ళబోతూ, "అన్నా, భోజనం ఖర్చు సున్నా ఎలా చేశారు?" అని అడిగాడు. ఈ వ్యాసం అతనికి పంపిస్తున్నాను.